ఊళ్లకూ వ్యక్తులకూ వర్గాలు: తెలుగు వికీపీడియాలో తెనాలి, బాపట్ల, రేపల్లె

విజ్ఞాన సర్వస్వం ఎంత పెద్దదైనా, అందులోని విషయం అవసరానికి చేతికి అందకపోతే ఉన్నా లేనట్టే లెక్క కాబట్టి, వ్యాసాలు రాయడానికి ఎంత శ్రమ పడాలో వాటిని ఒక వరుసలో అమర్చడానికీ అంత శ్రమ పడాలని ఆ పనికి పూనుకున్న ప్రతి తరమూ గుర్తించింది. తెలుగులో ఆ బాట వేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1910ల దశకంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో వెలువరించడం మొదలుపెట్టారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి అచ్చయిన సంపుటాలు ‘అ’ అక్షరాన్ని దాటలేదు. ఆ లెక్కన తెనాలి గురించిన వ్యాసం వెలుగు చూడటానికి ‘త’ దాకా, బాపట్ల గురించిన వ్యాసానికి ‘బ’ దాకా, రేపల్లె గురించిన వ్యాసానికి ‘ర’ దాకా ఆగవలసిందే. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షరక్రమాన్ని పక్కన పెట్టి, విషయాలవారీగా సంపుటాలు వెలువరిస్తూ విషయక్రమాన్ని అనుసరించింది. అక్షరక్రమంలో పేరు తెలిసినవారికి వ్యాసం తొందరగా దొరుకుతుంది గాని, దానికి సంబంధించిన మిగతా వ్యాసాలు ఎక్కడెక్కడో చెల్లాచెదరుగా ఉండిపోతాయి. విషయక్రమంలో సంబంధమున్నవన్నీ ఒకేచోట చేరతాయి గాని, రెండు శాస్త్రాలకు చెందిన వ్యాసాన్ని ఏదో ఒక సంపుటంలోనే ముద్రించవలసి వస్తుంది.

అచ్చు పుస్తకానికున్న ఈ ఇబ్బంది కంప్యూటర్ తెరమీద ఉండదు, ఎందుకంటే అక్కడ ఒకే వ్యాసాన్ని చోటు కదపకుండానే పది జాబితాల్లో చూపవచ్చు. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైన వికీపీడియా, 2003 డిసెంబరు 10న తెలుగులోనూ ఆరంభమైంది. వ్యాసాలను ఇలా జాబితాలుగా చూపే ‘వర్గాల’ సదుపాయం అప్పటికింకా లేదు, వికీపీడియాను నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్‌లోకి అది 2004లో వచ్చి చేరింది. నాటినుంచి నేటిదాకా, లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం ఏ వర్గంలోకి పోవాలన్నది జీతంమీద పనిచేసే గ్రంథపాలకులు గాని, నియమితులైన సంపాదకులు గాని నిర్ణయించడం లేదు. వికీ భాషలో ‘వాడుకరులు’ అనే స్వచ్ఛంద రచయితలు, తమ ఉద్యోగాలూ వ్యవసాయాలూ చదువులూ చూసుకుంటూ మిగిలిన సమయంలో ఆ పని చేస్తున్నారు. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో ఎక్కడ చిక్కులు వస్తాయో తెలుసుకోవడానికి కృష్ణా నది పడమటి డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం, ఎందుకంటే గత కొన్నేళ్లలో వీటి జిల్లా ఎల్లలు మారాయి, ఈ పట్టణాలకు చెందిన వ్యక్తుల జీవితాలేమో ఆ ఎల్లలకు ఎన్నడూ లోబడి లేవు.

ముందుగా వర్గాల ఏర్పాటు ఎలాంటిదో తెలుసుకోవాలి. వ్యాసం అడుగుభాగాన రెండేసి చదరపు బ్రాకెట్ల నడుమ ‘వర్గం’ అనే మాట, దాని పక్కన కోలన్, ఆపైన ఆ వర్గం పేరు రాసి ప్రచురిస్తే, ఆ వ్యాసం పేరు ఆ వర్గపు పేజీలో దానంతటదే చేరిపోతుంది. అంటే జాబితాను ఎవరూ విడిగా రాయరు. ప్రతి వ్యాసమూ తాను దేనికి చెందుతుందో తానే చెప్పుకుంటే, ఆ ప్రకటనలన్నిటినీ యంత్రం పోగుచేసి అక్షరక్రమంలో, పేజీకి 200 చొప్పున చూపిస్తుంది. ఒక వర్గాన్ని మరో వర్గంలో చేర్చితే అది ఉపవర్గం అవుతుంది, చేర్చుకున్నది మాతృవర్గం అవుతుంది. ఒక ఉపవర్గానికి ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా ఉండవచ్చు గనక, పైనుంచి చూస్తే ఇది చెట్టులా కనిపించినా నిజానికి కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకుపోయిన తీగల పందిరి. ఆ అల్లికలో ఒక ఉపవర్గం చుట్టు తిరిగి తన మాతృవర్గానికే తల్లి కాకుండా చూసుకోవడం ఈ పనిలోని తొలి జాగ్రత్త. తెలుగుకు ఒక చిన్న వెసులుబాటు దక్కింది: ఇంగ్లీషు వికీపీడియాలో వ్యక్తి పేరు ముందు వచ్చి ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి, జాబితా ఇంటిపేరు వరుసలో రావాలంటే ప్రతి వ్యాసంలోనూ ఒక ప్రత్యేక సూచన రాయవలసి ఉంటుంది, తెలుగులో కొడవటిగంటి కుటుంబరావు, స్థానం నరసింహారావు అన్నట్టు ఇంటిపేరు ముందే ఉండటంవల్ల ఆ వరుస సాధారణంగా దానంతటదే కుదురుతుంది.

స్థానం నరసింహారావు వ్యాసాన్నే దగ్గరగా పరిశీలిస్తే ఈ పనిలోని సూక్ష్మాలు చాలావరకు బోధపడతాయి. ఆయన 1902లో బాపట్లలో పుట్టారు, తెనాలిలోని శ్రీరామ విలాస సభ వేదికమీద స్త్రీ పాత్రలు ధరించి తెలుగు నాటకరంగంలో సాటిలేని పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు, 1971లో మరణించారు. 1902 జననాలు, 1971 మరణాలు అనే రెండు వర్గాల విషయంలో ఎవరికీ పేచీ ఉండదు. తెలుగు రంగస్థల నటులు, పద్మశ్రీ పురస్కారం పొందినవారు అనేవి కూడా అంతే తేలిక. బాపట్లకు చెందినవారు అన్న వర్గంలో ఆయన్ను చేర్చడానికి జన్మస్థలం ఆధారం. మరి తెనాలి మాటేమిటి? పుట్టిన ఊరు ఒక్కటే లెక్కలోకి వస్తుందనుకుంటే, ఆయన కళకు వేదికగా నిలిచిన ఊరికీ ఆయనకూ ఏ సంబంధమూ లేనట్టు జాబితా చెబుతుంది. అందువల్ల ‘ఫలానా ఊరివారు’ అనే వర్గంలో చేరడానికి అక్కడ పుట్టి ఉండాలన్న నియమం లేదనీ, ఆ ఊరితో అనుబంధం ఆ వ్యక్తి జీవితాన్ని నిర్వచించేంతటిదై ఉండాలనీ అనుభవమున్న వాడుకరులు భావిస్తారు. మద్రాసులో పుట్టి, తెనాలిలో పెరిగి, తిరువణ్ణామలైలో కన్నుమూసిన గుడిపాటి వెంకటచలం విషయంలోనూ, హంపీలో పుట్టి దుగ్గిరాలలో పెరిగిన నటి జమున విషయంలోనూ ఈ దృష్టే న్యాయమైనది. ఇందుకు భిన్నంగా, ఒక రచయిత రెండేళ్లు ఉద్యోగం చేసిన ప్రతి ఊరి వర్గంలోనూ ఆయన పేరు చేర్చుకుంటూ పోతే, ఏ ఊరి జాబితాకూ విలువ ఉండదు.

నిర్వచించే లక్షణం అన్న మాట ఇక్కడ కీలకం. స్థానం వారి సత్యభామ పాత్ర ఎంతో ప్రసిద్ధం కాబట్టి ‘సత్యభామ పాత్రధారులు’ అనే వర్గం పెడితే బాగుంటుందని నాటకాభిమానికి అనిపించడం సహజమే. కాని ఆ దారిన పోతే నలభై ఏళ్లు రంగస్థలంమీద ఉన్న ప్రతి నటుడి వ్యాసం కిందా ఆయన వేసిన పాత్రలన్నీ వర్గాలుగా బారులు తీరి, అసలు చూడవలసిన వర్గాలు వాటి మధ్య మరుగున పడిపోతాయి. ఇలాంటి అత్యుత్సాహాన్ని వికీ సముదాయాలు అతివర్గీకరణ అంటాయి. పాత్రల పట్టిక వ్యాసంలోనే వివరంగా ఉండటం మేలు, అవసరమైతే ‘తెలుగు నాటకాల్లో సత్యభామ’ అని విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు; వర్గం మాత్రం అలాంటి వివరణకు తగిన చోటు కాదు, ఎందుకంటే అందులో పేరు తప్ప మరేమీ కనిపించదు, ఆ పేరు అక్కడ ఎందుకుందో చెప్పే వాక్యమూ ఉండదు, ఆధారమూ ఉండదు. ఈ కారణంచేతనే, వ్యాసంలో ఆధారంతో సహా రాయని సంగతిని వర్గంగా తగిలించకూడదన్న నియమం ఏర్పడింది.

వర్గాల్లో రెండు జాతులున్నాయి, కొత్తగా వచ్చిన వాడుకరులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘తెనాలి’ అనే వర్గం విషయ వర్గం: ఆ పట్టణానికి సంబంధించినదేదైనా, రైల్వేస్టేషను గాని, నాటక సమాజం గాని, అక్కడి మనుషులు గాని అందులోకి రావచ్చు. ‘ఆంధ్రప్రదేశ్ పట్టణాలు’ అనేది సభ్యుల వర్గం: అందులో ఉన్న ప్రతిదీ ఒక పట్టణమై తీరాలి. తెనాలి అనే విషయ వర్గాన్ని తీసుకుపోయి ఆంధ్రప్రదేశ్ పట్టణాలు అనే సభ్యుల వర్గంలో ఉపవర్గంగా పెడితే, దాని కింద ఉన్న తెనాలివారు కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి వంటివారు కూడా తర్కం ప్రకారం పట్టణాలైపోతారు. మనిషి చదివినప్పుడు ఈ తేడాను సర్దుకుపోతాడు గాని, ఈ జాబితాలను ఆధారంగా తీసుకుని లెక్కలు కట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు సర్దుకుపోలేవు. తెనాలి అనే వ్యాసాన్ని పట్టణాల వర్గంలో పెట్టి, తెనాలి అనే వర్గాన్ని మాత్రం జిల్లాకు సంబంధించిన విషయ వర్గం కింద ఉంచడమే దీనికి సరైన విరుగుడు.

బాపట్ల విషయంలో మరో రకం చిక్కు ఎదురవుతుంది. బాపట్ల అంటే ఒక పట్టణం, ఒక మండలం, ఒక రెవెన్యూ డివిజను, ఒక శాసనసభ నియోజకవర్గం, ఒక లోక్‌సభ నియోజకవర్గం, 2022 నుంచి ఒక జిల్లా కూడా. వీటిలో ప్రతిదానికీ ఒక్కొక్క వ్యాసం ఉండదగినదే, ప్రతిదాని ఎల్లా వేరే. ఒకే పేరుగల వ్యాసాల్లో పాఠకుడికి కావలసినదేదో చూపించే పేజీని తెలుగు వికీపీడియాలో అయోమయ నివృత్తి పేజీ అంటారు. అది పాఠకుడి అయోమయాన్ని తీరుస్తుంది గాని, వర్గం తగిలించే వాడుకరి తొందరలో జిల్లాకు చెందినదాన్ని పట్టణానికి అంటగట్టకుండా ఆపలేదు. ఆంధ్రోద్యమ చరిత్రలో తొలి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్ల పట్టణంలో కాబట్టి ఆ వ్యాసం పట్టణ వర్గంలోకి వెళ్లాలి. సూర్యలంక సముద్రతీరం పట్టణానికి కొంత దూరాన ఉంది కాబట్టి అది మండలానికో జిల్లాకో చెందాలి. ఇవి చిన్న తేడాలే అయినా, జాబితా నమ్మదగినదిగా ఉండాలంటే పాటించక తప్పని తేడాలు.

ఇక అసలు పరీక్ష 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడివడి, బాపట్ల జిల్లాలోకి ప్రకాశం జిల్లానుంచి కూడా కొంత భాగం వచ్చి చేరింది. అంతకుముందు దాకా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఒకే జిల్లాలో ఉండటమే కాదు, మూడూ తెనాలి రెవెన్యూ డివిజనులోనే ఉండేవి. ఆ రోజునుంచి తెనాలి గుంటూరు జిల్లాలో మిగలగా, బాపట్ల, పిట్టలవానిపాలెం, కర్లపాలెం, అమృతలూరు, వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు, చుండూరు, రేపల్లె, నిజాంపట్నం, నగరం, చెరుకుపల్లి అనే 12 మండలాలు కొత్త జిల్లాలోకి వెళ్లాయి. చదువుకూ బజారుకూ సినిమాకూ తరతరాలుగా తెనాలికే వెళ్లిన అమృతలూరు, వేమూరు, చుండూరు ప్రాంతాలవారు కాగితాలమీద తెనాలికి పరజిల్లావారయ్యారు.

తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలు వేల సంఖ్యలో ఉన్నాయి. 2011 జనగణన వివరాలతో వాటిని విస్తరించిన పని ఆ సముదాయం సాధించిన పెద్ద పనుల్లో ఒకటి. జిల్లా మారినప్పుడు అలాంటి ఒక్కొక్క వ్యాసంలోనూ మార్చవలసినవి చాలా ఉంటాయి: తొలి వాక్యం, పక్కనున్న సమాచారపెట్టె, అడుగున కనిపించే మండల గ్రామాల పట్టీ, చివరగా వర్గం. ఒకే రకమైన పాఠ్యాన్ని ఎన్నో పేజీల్లో చూపించడానికి వాడే పేజీని వికీలో మూస అంటారు. వర్గాన్ని మూసలోనే పొందుపరిచి ఉంటే, మూసను ఒక్కసారి దిద్దితే ఆ మండలంలోని ఊళ్లన్నీ కొత్త వర్గంలోకి మారిపోతాయి. వర్గాన్ని ప్రతి పేజీలోనూ విడిగా రాసి ఉంటే మాత్రం, వాడుకరులు హాట్‌క్యాట్ అనే ఉపకరణంతో ఒక్కో పేజీ మార్చుకుంటూ పోవాలి, లేదా ఆటోవికీబ్రౌజర్ వంటి సాధనంతోనో, బాటు అనే స్వయంచాలక ప్రోగ్రాముతోనో వందల పేజీలను ఒకేసారి మార్చాలి. తెలుగు వికీపీడియా ఈ శ్రమను అంతకుముందే చవిచూసింది: 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు ఒకసారి, 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినప్పుడు మరోసారి, 2019లో అవి 33కు చేరినప్పుడు ఇంకోసారి వర్గాలన్నిటినీ కదపవలసి వచ్చింది.

అంత శ్రమ పడవలసి రావడానికి ఒక కారణం వర్గాల నిర్మాణంలోనే ఉందని చెప్పక తప్పదు. ఒక వ్యక్తిని నేరుగా ‘గుంటూరు జిల్లా వ్యక్తులు’ అనే వర్గంలో పెడితే, జిల్లా విడిపోయిన రోజున ఆ జాబితాలోని ప్రతి వ్యక్తి జీవిత చరిత్రనూ తెరిచి, ఆ మనిషి ఏ ఊరివాడో, ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసి మార్చాలి. అదే వ్యక్తిని ‘రేపల్లెకు చెందినవారు’ అనే చిన్న వర్గంలో పెట్టి ఉంటే, ఆ వర్గాన్ని గుంటూరు జిల్లా కిందనుంచి తీసి బాపట్ల జిల్లా కింద చేర్చితే చాలు, అందులో ఉన్న వ్యాసాలను ముట్టుకోవలసిన పనే ఉండదు. ఊరు స్థిరం, జిల్లా చరం అన్న సంగతి పరిపాలనను గమనించే ప్రతివారికీ తెలిసినదే కాబట్టి, స్థిరమైనదానికి ముడివేయడమే తెలివైన పద్ధతి. దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తీసిపారేయదగినది కాదు: ప్రతి ఊరికీ ఇద్దరేసి, ముగ్గురేసి మనుషులున్న చిన్న వర్గాలు పుట్టుకొస్తే పాఠకుడు ఒక్కో పేజీ తెరిచి ఇద్దరి పేర్లు చూసి వెనక్కి వస్తూ విసిగిపోతాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలకు విడి వర్గాలు పెట్టి, చిన్న గ్రామాలవారిని మండలం పేరుతో ఉన్న వర్గంలో ఉంచడం ఈ రెంటికీ మధ్యేమార్గంగా కుదురుతుంది.

జిల్లా మార్పు మరింత లోతైన ప్రశ్నను కూడా లేవనెత్తింది: నేటి జిల్లా పేరును నిన్నటి చరిత్రకు అంటించవచ్చునా? చీరాల పట్టణం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరినుంచి 2022 ఏప్రిల్ దాకా అది ప్రకాశం జిల్లాలో ఉండేది. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ గుంటూరు జిల్లా కూడా 1859లో రద్దయి 1904లో తిరిగి ఏర్పడినదే. పురపాలక సంఘం పన్నులకు వ్యతిరేకంగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊరు విడిచి వెళ్లి రామనగరంలో పాకలు వేసుకున్న చీరాల–పేరాల ప్రజల పోరాటం గురించిన వ్యాసాన్ని ‘బాపట్ల జిల్లా చరిత్ర’ అనే వర్గంలో పెడితే, ఆ పోరాటం జరిగిన నూరేళ్లకు పుట్టిన జిల్లాను దానికి అంటగట్టినట్టవుతుంది. ‘గుంటూరు జిల్లా చరిత్ర’లోనే ఉంచితే, నేటి బాపట్ల జిల్లా విద్యార్థి తన ప్రాంతపు చరిత్ర కోసం వెతికినప్పుడు అది కనిపించకుండా పోతుంది. ఈ వాదంలో రెండు పక్షాలకూ బలముంది. వర్గం అనేది పాఠకుడికి దారి చూపడానికే గనక నేటి జిల్లా వర్గంలో పెట్టడం తప్పు కాదు, అయితే వ్యాసం తొలి పేరాలోనే ‘అప్పటి గుంటూరు జిల్లా’ అని స్పష్టంగా రాసి తీరాలి, ఉద్యమానికి ప్రధాన వర్గంగా స్వాతంత్ర్యోద్యమమే ఉండాలి. జిల్లా పేరు మార్చిన ఉత్సాహంలో వ్యాసంలోని పాత వాక్యాలను కూడా మార్చి, 1921లోనే బాపట్ల జిల్లా ఉన్నట్టు రాయడం మాత్రం చరిత్రకు అన్యాయం చేయడమే. బాట్లతో ఒకేసారి వందల పేజీలను మార్చేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ.

కాలాన్ని పట్టి ఉంచలేకపోవడం వర్గానికి పుట్టుకతో వచ్చిన లోపం: వ్యాసం ఒక వర్గంలో ఉంటుంది, లేదా ఉండదు, అంతే, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న మాట అందులో రాయడానికి వీలులేదు. 2012లో మొదలైన వికీడేటా ఈ లోపాన్ని కొంతవరకు పూడుస్తుంది. అన్ని భాషల వికీపీడియాలకూ ఉమ్మడి సమాచార నిధిగా పనిచేసే వికీడేటాలో రేపల్లె ఏ జిల్లాలో ఉందన్న గడిలో రెండు సమాధానాలు రాయవచ్చు, వాటికి తేదీలూ జోడించవచ్చు. గుంటూరు జిల్లా పక్కన ముగింపు తేదీ, బాపట్ల జిల్లా పక్కన 2022 ఏప్రిల్ 4 అన్న ఆరంభ తేదీ ఉంటే రెండూ నిజాలుగానే నిలుస్తాయి.

భట్టిప్రోలును చూస్తే మరో సంగతి తేటపడుతుంది. తెనాలినుంచి రేపల్లెకు వెళ్లే రైలుమార్గంలో ఉన్న ఈ ఊళ్లోని బౌద్ధ స్తూపాన్ని అలెగ్జాండర్ రీ 1892లో తవ్వించినప్పుడు ధాతు కరండాలు, వాటిమీద ప్రాచీన బ్రాహ్మీ లిపిలో చెక్కిన రాతలు బయటపడ్డాయి. ఇక్కడ ఊరు వేరు, స్తూపం వేరు, లిపి వేరు. మూడింటికీ విడి వ్యాసాలు ఉండదగినవే. జిల్లా మారినప్పుడు ఊరి వర్గం మారాలి, స్తూపం ఉన్న చోటు తెలిపే వర్గం కూడా మారాలి. లిపికి మాత్రం జిల్లాతో నిమిత్తం లేదు, దాని చోటు బ్రాహ్మీ లిపుల వర్గంలోనూ, తెలుగు లిపి పరిణామానికి సంబంధించిన వర్గంలోనూ ఉంది. ‘భట్టిప్రోలు’ అన్న పేరు కనిపించిన ప్రతి పేజీనీ కొత్త జిల్లాలోకి తోసే బాటుకు ఈ వివేకం ఉండదు కాబట్టి, మార్పు చేసిన తరవాత మనిషి కన్ను ఒకసారి ఆ జాబితామీద పడాలి.

మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ ఈ సందర్భంలో గుర్తుకు రావలసినది. ఒక గ్రంథాన్ని ఒకే ఒక గూటిలో పెట్టడానికి బదులు, అందులోని విషయాన్ని స్థలం, కాలం మొదలైన ముఖాలుగా విడదీసి, ఆ ముఖాలను కలిపి దాని స్థానాన్ని సూచించాలని ఆయన చెప్పారు. జర్మన్ వికీపీడియా తన జీవిత చరిత్రలను ఇంచుమించు ఈ ధోరణిలోనే అమర్చింది: అక్కడ ‘పురుషుడు’, ‘స్త్రీ’ అన్నవి విడి వర్గాలు, వృత్తి విడి వర్గం, పుట్టిన సంవత్సరం విడి వర్గం. పెట్‌స్కాన్ వంటి సాధనంతో రెండు మూడు వర్గాలను కలిపి వెతికితే, తెనాలికి చెందినవారిలో 1909లో పుట్టినవారెవరన్న ప్రశ్నకు కొడవటిగంటి కుటుంబరావు పేరు దొరుకుతుంది; ‘1909లో తెనాలిలో పుట్టిన రచయితలు’ అనే వింత వర్గాన్ని సృష్టించనక్కర్లేదు.

స్త్రీల విషయంలో ఇంగ్లీషు వికీపీడియా 2013లో నేర్చుకున్న పాఠం తెలుగుకూ వర్తిస్తుంది. అమెరికన్ నవలా రచయితలు అనే పెద్ద వర్గంనుంచి స్త్రీల పేర్లను తీసి, మహిళా నవలాకారులు అనే ఉపవర్గంలోకి మార్చడం మొదలుపెట్టగా, పెద్ద జాబితాలో పురుషులే మిగిలిపోతున్నారని ఆ ఏడాది ఏప్రిల్‌లో అమాండా ఫిలిపాచీ అనే రచయిత్రి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఎత్తిచూపారు. పెద్ద దుమారం రేగింది. ఉపవర్గంలో ఉన్న వ్యాసాన్ని మాతృవర్గంలో మళ్లీ ఉంచనక్కర్లేదన్న సాధారణ నియమాన్ని గుడ్డిగా వర్తింపజేయడమే అందుకు మూలం. తెలుగు రచయిత్రులు అనే వర్గం ఉండటం అవసరమే, కాని అందులో ఉన్నవారు తెలుగు రచయితలు అనే వర్గంలోనూ ఉండి తీరాలి. లేకపోతే ఆ పెద్ద జాబితా అబద్ధం చెబుతుంది.

కులం, మతం పేరిట వర్గాలు పెట్టే విషయంలో మరింత నిగ్రహం అవసరం. జీవించి ఉన్న వ్యక్తికి మతానికి సంబంధించిన వర్గం తగిలించాలంటే ఆ వ్యక్తి స్వయంగా ఆ సంగతి ప్రకటించి ఉండాలనీ, అది ఆయన ప్రజాజీవితానికి సంబంధించినదై ఉండాలనీ ఇంగ్లీషు వికీపీడియా నియమం చెబుతుంది. తెలుగునాట ఇంటిపేరునుబట్టి కులాన్ని ఊహించే అలవాటు ఉంది కాబట్టి, ఈ నియమాన్ని కులానికి కూడా అంతే గట్టిగా పాటించడం న్యాయం. ఊహమీద పెట్టిన వర్గం ఒక మనిషి పేరుకు చిరకాలం అంటుకుని ఉంటుంది, శోధన యంత్రాలు దాన్ని నలుమూలలకూ చేరవేస్తాయి. అలాగే 1991లో దళితుల ఊచకోత జరిగిన చుండూరు విషయంలో, ఆ ఘటనకు విడి వ్యాసం, దానికి దళితులపై దాడులకూ న్యాయపోరాటాలకూ సంబంధించిన వర్గాలు ఉండటం ఎంత అవసరమో, ఊరి వ్యాసంలో ఆ ఘటన ప్రస్తావనా లింకూ ఉండటం అంతే అవసరం. ఊరికి మచ్చ అన్న నెపంతో దాన్ని వర్గాలనుంచి తొలగించడం నిష్పాక్షికత కాదు.

పాఠకుడికి కనిపించకుండా దాచి ఉంచే నిర్వహణ వర్గాలు కూడా ఉన్నాయి. ఆధారాలు లేని వ్యాసాలు, మొలకలు అనబడే మరీ చిన్న వ్యాసాలు, 2010 ప్రాంతంలో గూగుల్ అనువాద పరికరంతో తయారై భాష సరిచేయవలసి ఉన్న వ్యాసాలు, ఇవన్నీ వాడుకరులకు పనుల జాబితాలుగా ఉపయోగపడతాయి. ఏ వర్గమూ లేని పేజీలను చూపించే జాబితాను సాఫ్ట్‌వేరే తయారుచేస్తుంది. 2023 జనవరిలో నటి జమున మరణించినప్పుడు చేయవలసి వచ్చినట్టుగా, జీవిస్తున్న ప్రజలు అనే వర్గంనుంచి ఒక పేరు తీసి, ఆ ఏటి మరణాల వర్గంలో చేర్చే పని కూడా ఎవరో ఒక వాడుకరి తనంతట తాను చేసేదే.

ఇంత శ్రమ జరుగుతున్నా, తెలుగు వికీపీడియా వర్గాల్లో ఒక వెలితి కనిపిస్తుంది. జిల్లా, మండలం, నియోజకవర్గం అనే పరిపాలనా వర్గాలు ఏపుగా పెరిగినంతగా, ప్రజల జీవనాన్ని కలిపే విషయ వర్గాలు పెరగలేదు. 1855లో కృష్ణానదిమీద పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, సీతానగరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ, దుగ్గిరాల లాకులు, తెనాలి మీదుగా సాగే నిజాంపట్నం కాలువ, కొమ్మమూరు కాలువ, వీటన్నిటికీ ఒకే నీరు ఆధారం. ఈ నీటి వ్యవస్థ గుంటూరు జిల్లాకు గాని బాపట్ల జిల్లాకు గాని పరిమితం కాదు. తెనాలి నాటక సమాజాలూ, బాపట్లలో పుట్టి తెనాలిలో వెలిగిన నటులూ, చందమామ పత్రికను స్థాపించినవారిలో ఒకరైన చక్రపాణి, దాన్ని దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కుటుంబరావు వంటి తెనాలివారి ప్రచురణ చరిత్రా కూడా ఇలాంటివే. జిల్లా గీతను దాటే ఈ బంధాలను చూపే వర్గం లేకపోతే, 2022 తరవాత ఈ వ్యాసాలు రెండు జిల్లాల గూళ్లలో ఒకదానికొకటి తెలియకుండా ఉండిపోతాయి.

‘కృష్ణా పశ్చిమ డెల్టా’ అనే వర్గాన్ని నెలకొల్పాలనుకునే వాడుకరి చేయవలసింది పెద్దదేమీ కాదు. వర్గపు పేజీలో అందులోకి ఏవి వస్తాయో, ఏవి రావో చెప్పే రెండు వాక్యాలు ముందుగా రాయాలి, ఎందుకంటే ఆ రెండు వాక్యాలు లేకపోతే డెల్టాలోని ప్రతి గ్రామమూ అందులోకి వచ్చిపడి, కాలువలూ లాకులూ కనిపించకుండా పోతాయి. తరవాత దాన్ని కృష్ణానది, ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల అనే రెండు మాతృవర్గాల కింద చేర్చి, ప్రతిపాదనను తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే రచ్చబండలో ఉంచాలి. వారం పదిరోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరానికి జవాబు అక్కడే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ చర్చ పేజీ చరిత్రలో భద్రంగా ఉంటుంది, అయిదేళ్ల తరవాత మరొకరు ఆ వర్గాన్ని మార్చబోతే ముందు అది చదువుకోవచ్చు. ఆ పని జరిగిన నాడు, పెటపోలి అన్న పేరుతో 1611లో ఇంగ్లీషువారి ఓడ గ్లోబు వచ్చి ఆగిన నిజాంపట్నం ఆంధ్రప్రదేశ్ ఓడరేవుల వర్గంలోనూ, ఐరోపావారి వర్తక స్థావరాల వర్గంలోనూ ఉంటూనే, తన పేరు మోసే కాలువ ద్వారా తెనాలి, దుగ్గిరాల, సీతానగరాలతో పాటు ఒకే జాబితాలో దొరుకుతుంది.